పద్నాలుగో రీల్లో ఊపిరి

నాకు కోపం వస్తే చేతులు ముందు నోట్‌బుక్ కోసం వెతుకుతాయి. ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ థియేటర్ మెట్లు దిగుతూనే తప్పులు రాయడం మొదలుపెట్టాను. అమ్మమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా దిగుతోంది కాబట్టి మెట్టు మెట్టుకీ ఆగి రాసుకునే తీరిక దొరికింది. కింది మెట్టుకి వచ్చేసరికి పదకొండు తప్పులయ్యాయి, పార్కింగ్‌లో కారు దగ్గరికి చేరేసరికి పంతొమ్మిది. అమ్మమ్మకు రెండో పక్క యాదమ్మ నడుస్తోంది. యాదమ్మ కృష్ణానగర్‌లో మా పాత ఇంటి ఓనరు. మేం ఆ ఇల్లు వదిలి మధురానగర్ ఫ్లాట్‌కి వచ్చి చాలా ఏళ్లయింది గానీ వాళ్లిద్దరి స్నేహం మాత్రం ఆ ఇంటితో పాటు ఖాళీ కాలేదు.

మేం చూసింది ఒక పాత జానపద సినిమాకు కొత్త రూపం. కథ చిన్నది. ఒక రాజు ఒక నేతగాణ్ణి చెరలో వేస్తాడు. అతని భార్య కూడా నేత తెలిసిన మనిషి. నా పట్టాభిషేకానికి వస్త్రం నేసుకురా, నీ మొగుణ్ణి వదిలేస్తానంటాడు రాజు. ఆమె నేత సగంలో ఉండగా భర్త చెరలోనే చనిపోయాడని తెలుస్తుంది. అయినా మగ్గం ఆపదు. పట్టాభిషేకం రోజున నిండు సభలో రాజు, "వస్త్రం తెచ్చావా?" అని అడుగుతాడు. "తెచ్చాను," అంటుందామె. బట్ట చూపిస్తూ, "కొలత మీది కాదు," అంటుంది. ఆ బట్ట భర్త శవానికి కప్పడానికి అతని కొలతకు నేసింది. బట్ట తీసుకుని ఆమె బయటికి నడుస్తుంది. ఒక్కరొక్కరే సభ మొత్తం లేచి ఆమె వెనక వెళ్లిపోతుంది. రాజు గద్దె మీద ఒంటరిగా మిగులుతాడు. పాత సినిమాలో ఆ నేతగత్తె ముఖం అప్పటి ఒక పేరున్న కథానాయికది. గొంతు మా అమ్మమ్మది.

కొత్తదాంట్లో సభ మొత్తం లేవదు, ఎగురుతుంది. నేతగత్తె పట్టుదారాన్ని కొరడాలా తిప్పి భటుల మెడలకు చుడుతుంది. గద్దె ముక్కలవుతుంది, కోట కూలుతుంది, రాజు దారాలకు చిక్కి తలకిందులుగా వేలాడతాడు. పాత సినిమాలో ఆ సన్నివేశం నాలుగే షాట్లు. కొత్తదాంట్లో షాట్లు నూట నలభై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి ఆపేశాను. పాతదాంట్లో ఆ నాలుగు షాట్ల పొడవునా సంగీతం లేదు. కొత్తదాంట్లో సంగీతం లేని క్షణం కోసం వెతికాను. దొరికింది, ఇంటర్వెల్.

థియేటర్ బయట దర్శకుడు అందరికీ చేతులు కలుపుతున్నాడు. నా వయసువాడే. ఆ సినిమా సౌండ్ పని జరిగింది మా స్టూడియోలోనే కాబట్టి ముఖం తెలుసు.

"క్లైమాక్స్ ఎలా ఉంది బ్రో?"

"ఆ మాట ఏదండీ? కొలత మీది కాదు?"

"అది ట్రైలర్‌లో వాడేశాం కదా. టీషర్టుల మీద కూడా వేశాం."

"సినిమాలో లేదు."

"సినిమాలో ఆ ప్లేస్‌లో సైలెన్స్ పెడితే జనం ఫోన్లు తీస్తారు బ్రో. నువ్వు సౌండ్‌వాడివి, నీకు నేను చెప్పాలా?" అని నవ్వి, అమ్మమ్మకు వంగి నమస్కారం పెట్టాడు. "మీ ఆశీర్వాదం కావాలి బామ్మగారూ." ఎవరికి మొక్కుతున్నాడో అతనికి తెలీదు. తెలిసే దారీ లేదు. పాత సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు లేదు.

కార్లో కూర్చున్నాక నా జాబితా చదివి వినిపించాను. యాదమ్మ మధ్యలోనే ఆపింది.

"జర ఆగు బిడ్డా. కత్తులు గిత్తులు నాకు తెల్వదు గానీ మగ్గం మాత్రం అసలుదే పెట్టిండ్రు. మా అత్తగారింట్ల గట్లనే ఉండేది. పాత సినిమాల గామె మగ్గం ముందు కూసొని చేతులూపుడే గాని, గా దారమేసే నాడె ఒక్కసారన్న కదిలిందా?"

"అది నిజమే," అంది అమ్మమ్మ. "ఆవిడకి మగ్గం ఎక్కడం రాదు. డబ్బింగ్‌లో చూసి నేనే నవ్వుకున్నాను. ఈ పిల్ల పాపం బాగా కష్టపడింది, పరిగెడుతుంటే నాకే ఆయాసం వచ్చింది."

నాకు ఇంకా మండింది. ఆమె తరఫున నేను కోప్పడుతుంటే ఆమె ఆ పిల్ల ఆయాసం గురించి మాట్లాడుతోంది. నా కోపానికి మూలం తెలియాలంటే కృష్ణానగర్ ఇంట్లో డబ్బింగ్ రోజు ఎలా ఉండేదో చెప్పాలి.

అది రెండు గదుల ఇల్లు, పై అంతస్తు. పక్క గదుల్లో డాన్సర్లు, ఎదురుగా మేకప్ అసిస్టెంట్లు, కింద యాదమ్మ. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు దాని వెనకే వచ్చినవాళ్లలో మా అమ్మమ్మ ఒకతె. గుంటూరు జిల్లా మనిషి, యాస మద్రాసులోనూ మారలేదు, ఇక్కడా మారలేదు. అమ్మ యూసఫ్‌గూడలో టీచరు. పొద్దున్నే వెళ్లిపోయేది. నాకు ఒక్కడికే సెలవున్న రోజుల్లో ఇంట్లో నేనూ అమ్మమ్మే. డబ్బింగ్ ఉన్న రోజు అమ్మమ్మ నిద్ర లేచినప్పటి నుంచి మాట్లాడేది కాదు. ఒక్క మాట కూడా. పెరుగు ముట్టదు, నూనె వస్తువు ముట్టదు. బుగ్గన కరక్కాయ ముక్క, పొయ్యి మీద మిరియాలూ శొంఠీ వేసిన నీళ్లు. ఆ ఘాటు వాసన పొద్దున్నే మెట్ల మీదికి వచ్చిందంటే కింద యాదమ్మ తన రేడియో కట్టేసేది. "ఇయ్యాల డబ్బింగమ్మ మౌనమున్నది, లొల్లి చెయ్యకుండ్రి," అని డాన్సర్ పిల్లల్ని అదిలించేది. వాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాళ్లు. ఆ వీధిలో ఎవరి పనికి ఏం కావాలో అందరికీ తెలుసు. ఒకరికి అద్దం కావాలి, ఒకరికి ఖాళీ నేల కావాలి, మా అమ్మమ్మకు నిశ్శబ్దం కావాలి.

మాట లేదు కాబట్టి స్టీలు గ్లాసు ఉండేది. దాని మీద చెంచాతో కొట్టేది. ఒక దెబ్బకు వేడినీళ్లు కావాలని. రెండు దెబ్బలకు ఇలా రమ్మని. మూడు దెబ్బలకు తప్పు, మళ్లీ చెయ్యమని. మూడు దెబ్బలు నాకే ఎక్కువ పడేవి. ఎందుకంటే డైలాగు కాగితాల్లో ఎదుటి పాత్ర మాటలు నేను చదవాలి, ఆమె తన మాటల్ని పెదాలతో మాత్రమే కదుపుతూ లోపల లెక్క చూసుకునేది. ఈ సాధన బీరువా తలుపుల మధ్య జరిగేది. మడత పెట్టిన బొంతలు, పాత చీరలు, నాఫ్తలీన్ ఉండల వాసన. అక్కడ గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. ఇంజినీరింగ్‌లో చేరాక శబ్దాన్ని పీల్చుకునే వస్తువుల గురించి ఒక అధ్యాయం చదివాను. పరీక్షలో అమ్మమ్మ బీరువాను తలుచుకుని జవాబు రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

నేను చదివేటప్పుడు వాక్యం చివర్న గబుక్కున ఊపిరి పీల్చేవాణ్ణి. వెంటనే మూడు దెబ్బలు. మౌనం ముగిశాక, సాయంత్రం స్టూడియో నుంచి వచ్చి చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు చెప్పేది. "మాట అందరూ పలుకుతారు నాన్నా. మాటకు ముందు ఊపిరి ఎక్కడ పీలుస్తావో అక్కడ ఉంటుంది మనిషి. భయపడేవాడిది పైపైన ఉంటుంది. అబద్ధం చెప్పేవాడు మధ్యలో పీలుస్తాడు. ఏం చెప్పాలో తేల్చుకున్నవాడు ముందే నిండా పీల్చి, కాసేపు ఆపుతాడు."

ఆ చాప మీదే, ఎన్నిసార్లో లెక్కలేదు, ఆ సభ సన్నివేశం ఉన్న పద్నాలుగో రీలు కథ చెప్పించుకున్నాను. అప్పట్లో డబ్బింగ్‌కి ఆ సన్నివేశం ముక్కను కత్తిరించి, మొదలూ చివరా అతికించి చక్రంలా తిప్పేవాళ్లు. తెర మీద అదే ముఖం, అవే పెదాలు, మళ్లీ మళ్లీ. రాజు "తెచ్చావా?" అన్నాక నాయిక చాలాసేపు ఏమీ అనదు. ఆ ఖాళీలో ఏడుపు వెక్కు ఒకటి పెట్టమన్నాడు దర్శకుడు. అమ్మమ్మ వెక్కింది. నచ్చలేదు. మెల్లగా వెక్కింది, గట్టిగా వెక్కింది, మింగినట్టు వెక్కింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. చివరికి మరోసారి వెక్కడానికని నిండా ఊపిరి పీల్చింది. ఆ క్షణంలో, ఎందుకో తనకే తెలీదు, వెక్కలేదు. ఆపింది. తెర మీద పెదాలు కదిలాయి. "తెచ్చాను," అంది.

"రికార్డింగ్ ఆయన గాజు అద్దం వెనక నుంచి, ఊపిరి తగులుతోందమ్మా, ఇంకొకటి చేద్దాం అన్నాడు," అని అమ్మమ్మ ఆయన గొంతు కూడా పలికేది. "డైరెక్టరుగారు లేచి నిలబడి, అది తప్పు కాదయ్యా, దాన్నుంచు, అన్నారు. అంతే. ఇంటికెళ్లి అన్నం తిన్నాను." ఆ తర్వాత ప్రతిసారీ ఒకే మాటతో ముగించేది. "ఆ సినిమాలో మాటలు రాసినవారివి. మొహం ఆవిడది. ఆ ఊపిరి ఒక్కటీ నాది."

ఇప్పుడు ఇంకో విషయం చెప్పాలి. కొత్త సినిమా విడుదలయ్యే శుక్రవారమే పాత సినిమాను కూడా శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో పెట్టాలని కొత్త సినిమా తీసిన కంపెనీ ఆలోచన. చూసినవాళ్లు రెండూ పోల్చుకుంటారని, గోల జరుగుతుందని. పాత సినిమా శబ్దం శుభ్రం చేసే పని జూబ్లీహిల్స్‌లోని మా స్టూడియోకి వచ్చింది, స్టూడియోలో నాకు వచ్చింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. రీలు రీలుకీ జాబితా వేశాను. చిటపటలు, గరగర, కరెంటు హోరు, అతుకుల దగ్గర దబ్బుమనే చప్పుడు. ఒక్కొక్కటీ తీసి, పక్కన టిక్కు పెట్టి, ప్రివ్యూకి ముందు రోజే పని అప్పగించాను. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ తెచ్చుకున్నాను, అమ్మమ్మకు వినిపిద్దామని.

ప్రివ్యూ నుంచి ఇంటికొచ్చాక ఆ పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. ఎండ ఇంకా బాల్కనీలోనే ఉంది. యాదమ్మ సోఫాలో, అమ్మమ్మ తన కుర్చీలో, చేతిలో వేడినీళ్ల గ్లాసు. పంతొమ్మిది తప్పుల కాగితం పట్టుకుని నేను నిలబడే ఉన్నాను, లాయరులాగా. "ఇప్పుడు అసలుది వినండి," అన్నాను. సభ వచ్చింది. గరగర లేదు, హోరు లేదు, గాజులా ఉంది నిశ్శబ్దం. "వస్త్రం తెచ్చావా?" అన్నాడు రాజు. నాయిక ముఖం. ఖాళీ. "తెచ్చాను."

టక్. టక్. టక్.

చెంచా కాదు, వేలి ఉంగరంతో కొట్టింది గ్లాసు మీద. ఇరవై ఏళ్ల తర్వాత విన్నాను ఆ మూడు దెబ్బలు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ లేదు. పెదాలు మూసుకున్న ఒక బొమ్మ, ఆ తర్వాత ఒక మాట. ఆ మనిషి ఏదీ తేల్చుకోలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

"ఎవరు తీశారు నాన్నా?" అంది అమ్మమ్మ. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

గరగరను తీసే సాఫ్ట్‌వేర్‌కు ఊపిరి కూడా గరగరలాగే కనిపిస్తుంది. రీలు మొత్తానికీ ఒకే అమరిక పెట్టి వదిలాను. తర్వాత ప్రతి సన్నివేశాన్నీ చెవులతో విని సరిచూసుకోవాలి, అది పద్ధతి. అన్నీ విన్నాను. ఆ ఒక్క సన్నివేశాన్ని వినలేదు. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన సన్నివేశం, దాన్ని నేను వినడమేమిటని టిక్కు పెట్టేశాను.

"నేనే," అన్నాను.

"నువ్వా?" అంది యాదమ్మ. "మరి గంతసేపు కార్ల ఆ పోరన్ని ఎందుకు తిట్టినవ్‌రా?"

అమ్మమ్మ గ్లాసు పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకుంది. ఎనభై దాటిన మనిషి. జీవితంలో తనదని చెప్పుకున్నది ఒకటిన్నర సెకండు. రికార్డింగ్ గది, అద్దం వెనక ఆయన, మద్రాసు వానలు, పాత గోడౌన్లు, అన్నిటినీ దాటుకుని అది బతికింది. తీసి పారేయడానికి సొంత మనవడు కావలసివచ్చింది.

మర్నాడు పొద్దున స్టూడియోకి వెళ్లి మిక్సింగ్ హెడ్ మూర్తిగారి ముందు నిలబడ్డాను. మంచివారే. సంగతంతా విని కుర్చీ వెనక్కి వాల్చారు.

"డెలివరీ అయిపోయింది బాబూ. ఒక ఊపిరి కోసం రీలు వెనక్కి పిలిపిస్తామా? ఎవడు గమనిస్తాడు?"

"ఒకరు గమనించారండీ."

"మీ అమ్మమ్మగారు. అర్థమైంది. కానీ వెనక్కి పిలిపించాలంటే కరెక్షన్ ఫారం నింపాలి. తప్పు ఎవరిదో రాయాలి. వచ్చే నెల నుంచి నిన్ను సొంతంగా సినిమా మిక్స్ చేయనిద్దామనుకుంటున్నాను. ఆ కాగితం ఉంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది. కరెక్షన్ ఫారంలో తప్పు అన్నచోట నా పేరు రాశాను. పద్ధతి పాటించకపోవడం, వినకుండా టిక్కు పెట్టడం అని కారణం కూడా రాశాను. శుభ్రం చేయని మొదటి కాపీ మా దగ్గరే ఉంది, డబ్బు ముట్టాకే దాన్ని చెరిపేస్తారు. అందులోంచి ఒకటిన్నర సెకండు తీసి దాని చోట దాన్ని పెట్టాను. ఆ కాస్త చోట గరగర వెనక్కి వచ్చింది, ఊపిరితో పాటు. ఉండనిచ్చాను. ఈసారి కళ్లు మూసుకుని విన్నాను, పదిసార్లు.

గురువారం మధ్యాహ్నం రెండు సినిమాలనూ యంత్రంతో పరీక్షించే ఆ కంపెనీ నుంచి నాణ్యత పరీక్ష జవాబు వచ్చింది. పద్నాలుగు రీళ్లలో ఒక్కటే లోపం పట్టుకున్నారు. "రీల్ పద్నాలుగు. స్త్రీ పాత్ర మాటకు ముందు ఊపిరి, నేపథ్య గరగర. తొలగించగలరు."

అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ నాలో ఉంది, పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. కోట కూలుతున్న చప్పుడులో, నూట నలభై షాట్లలో, మాట లేని ఆ క్లైమాక్స్‌లో ఒక్క లోపం కనిపించని యంత్రానికి ఇది కనిపించింది. మనిషి ఊపిరి. ఆ కొత్త దర్శకుడి మీద నా కోపం సగం తప్పని అప్పుడు తెలిసింది. అతను నిశ్శబ్దానికి భయపడి నింపేశాడు. నేను నిశ్శబ్దాన్ని కడిగి కడిగి బోలు చేశాను. ఇద్దరికీ ఒకటే స్టూడియో, ఒకటే పద్ధతులు, ఒకటే తొందర. మగ్గం సరిగ్గా ఆడించడానికి నెలలు కష్టపడ్డ మనుషులకూ, గరగరను జల్లెడ పట్టి తీయగల నాకూ ఆ అద్దం అవతల లేచి నిలబడే మనిషి లేడు. అది తప్పు కాదయ్యా, ఉంచు, అనే మనిషి.

జవాబు రాయడానికి మూడు గడులు ఇచ్చారు. లోపాన్ని అంగీకరిస్తున్నారా? లేదు అని నొక్కాను. కారణం? నటనలో భాగం అని రాశాను. అలా రాస్తే మూడో గడి తెరుచుకుంటుంది. ఎవరి నటనో పేరు ఎంచుకోవాలి. పేర్ల పట్టిక పాత టైటిల్స్ నుంచి తీసుకున్నది. కథానాయిక పేరుంది, రాజు పేరుంది, కత్తులు అద్దెకిచ్చిన కంపెనీ పేరు కూడా ఉంది. పట్టిక అడుగున "ఇతరులు" అని ఒకటుంది. అది నొక్కి, ఖాళీలో అమ్మమ్మ పేరు, శేషారత్నం అని రాశాను. ఇంటిపేరు కూడా కావాలంది. ఫోన్ చేసి అడిగాను, పుట్టింటిదా అత్తింటిదా అని.

"ఎందుకు నాన్నా ఇప్పుడు?"

"సినిమావాళ్లు అడుగుతున్నారమ్మమ్మా."

ఫోన్లో ఊపిరి వినిపించింది, నిండా పీల్చి ఆపింది. "పుట్టింటిదే రాయి," అంది.

సాయంత్రానికి సరేనని జవాబు వచ్చింది. మూర్తిగారు చెప్పినట్టే వచ్చే నెల సినిమా నాకు రాలేదు. మళ్లీ చిటపటలు తీసే పనిలోనే ఉన్నాను. నోట్‌బుక్‌లో ఆ రోజు జాబితా అలాగే ఉంది, ఒక్క మార్పుతో. పంతొమ్మిది తప్పుల పైన ఖాళీ చోటులో సున్నా అని నంబరు వేసి, దాని ఎదురుగా నా తప్పు రాశాను.

విడుదలైన ఆ శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. యాదమ్మ అప్పటికే సోఫాలో ఉంది. పెన్‌డ్రైవ్ కాదు, అందరూ చూసే కాపీనే టీవీలో పెట్టాను. పద్నాలుగో రీలు వచ్చింది. రాజు అడిగాడు. గరగర కాస్త లేచింది, దాని మధ్య ఒక మనిషి నిండా ఊపిరి తీసుకుని ఆపింది.

"తెచ్చాను."

నేను టీవీ వైపు చూడలేదు, గ్లాసు వైపు చూస్తున్నాను. అమ్మమ్మ వేలు లేచింది. ఉంగరం ఒక్కసారి తగిలింది.

లేచి వెళ్లి నీళ్లు పొయ్యి మీద పెట్టాను.